అలీసాగర్ మీద మునుం

వెనక్కి తిరిగి కూర్చుంటే ముందుకు పోయే బండి ఒకటి ఈ లోకంలో ఉందని భాగ్యలక్ష్మికి ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా తెలియదు. తెలిసిన రోజు నుంచి మాత్రం ఆమె కాలు నేల మీద నిలవలేదు.

ఆ రోజు కార్తీకంలో ఒక ఆదివారం. ఎడపల్లి దగ్గరి వాళ్ళ ఊరి మహిళా సంఘం ఆడవాళ్ళంతా ట్రాక్టరెక్కి వనభోజనాలకని అలీసాగర్ చెరువు కట్టకు వచ్చారు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. అడుగంటకుండా చూడమని భాగ్యలక్ష్మి చేతికి గరిటె ఇచ్చారు. ఆమె ఆ గరిటెతోనే కట్ట దిగి నీళ్ళ దగ్గరికి పోయింది. అక్కడ ఒకాయన, రెండు ట్రాక్టర్లంత పొడుగున్న సన్నటి పడవను బోర్లించి గుడ్డతో తుడుస్తున్నాడు. నీళ్ళలో ఉండేదానికి మళ్ళీ తుడుపేమిటో ఆమెకు అర్థం కాలేదు.

ఆయన పేరు మల్లికార్జున్, బాల్కొండ మనిషి. మిలిటరీలో హవల్దారుగా చేసి, అక్కడ పడవ పందేల్లో తిరిగి, రిటైరయ్యాక ఇంట్లో కూర్చోబుద్ధి కాక, పాత పడవలు రెండు సంపాదించి ఇక్కడ క్లబ్బు పెట్టాడు. క్లబ్బంటే పేకాట క్లబ్బనుకుని మొదట్లో కొందరు మగవాళ్ళు సంబరంగా వచ్చారట. సంగతి తెలిశాక అంతకన్నా తొందరగా వెళ్ళిపోయారట.

"గిది దేనికన్నా, చేపలు పట్టనీకా?" అంది భాగ్యలక్ష్మి.

"కాదక్కా. ఊకెనే, తోలుకునుడే."

"ఊకెనే ఎవలు తోల్తరు?"

"ఎవలన్నా తోలొచ్చు. ఆదివారం ఆదివారం నేర్పుతున్న. కూసుంటవా?"

ఇంకెవరైనా అయితే ఇంట్లో అడిగి చెప్తాననేవాళ్ళు. భాగ్యలక్ష్మి గరిటెను గట్టు మీది రాయి పైన పెట్టింది. మెడ దాకా బిగించే నారింజరంగు జాకెట్ తొడుక్కుని, కొత్తవాళ్ళకోసం ఉంచిన వెడల్పాటి చిన్న పడవలో ఎక్కి కూర్చుంది. కూర్చున్న పలకకు కింద చక్రాలున్నాయి. కాళ్ళు ముడిస్తే అది ముందుకు జారుతుంది, తన్నిపెడితే వెనక్కి జారుతుంది. తెడ్డు నీళ్ళలో ముంచి, కాళ్ళతో తన్ని, చేతులతో గుంజమన్నాడు మల్లికార్జున్. మొదటిసారి తెడ్డు గాలిలోనే ఊగింది. రెండోసారి నీళ్ళు మొహాన కొట్టాయి. మూడోసారి మాత్రం తెడ్డుకు నీళ్ళు దొరికాయి. ఆమె తన్నింది, గుంజింది, పడవ కింద నీళ్ళు గలగలమన్నాయి. తెడ్డు పైకెత్తాక కూడా పడవ ఆగకుండా దానంతటదే జారిపోతూనే ఉంది.

ఆ జారుడు ఆమెకు ఒంట్లో ఎక్కడో తగిలింది. ఎడ్లబండి తోలింది, ట్రాక్టరు తోలింది, మొగుడి మోటారుసైకిలు అడగకుండా తీసుకుపోయి ఒకసారి కాలువలో కూడా దింపింది. ఏదీ ఇట్లా, చెయ్యి ఆపాక కూడా మోసుకుపోలేదు. చిన్నపిల్లలా నవ్వొచ్చేసింది ఆమెకు. కట్ట మీదికి వచ్చేసరికి పప్పు మాడి, సంఘం ఆడవాళ్ళు తిట్లు లంకించుకున్నారు. ఆమె మాడిన పప్పును లొట్టలేసుకుంటూ తిని, మళ్ళీ ఆదివారం వస్తానని అందరికీ చెప్పింది.

ఇంట్లో మొగుడు ముత్తన్న నవ్వాడు. "పొలంల పని సరిపోక నీళ్ళల్ల గూడ పని దొరకబట్టినవా?" అన్నాడు. నవ్వాడే కానీ వద్దనలేదు, ఎందుకంటే పెళ్ళాం పట్టిన పట్టు విడిచే మనిషి కాదని అతనికి బాగా తెలుసు. అత్త అంజవ్వ మాత్రం వాకిట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చాలా సేపు ఆ పడవ గురించే అడిగింది. ఎంత పొడుగు, దేంతో చేస్తారు, ఊగుతుందా అని. భాగ్యలక్ష్మి జవాబులు చెబుతూ చెబుతూనే ఆమె ఒళ్ళోంచి గంప లాక్కుని తనే ఈనెలు తీయడం మొదలుపెట్టింది. "నువ్వు కూసో అత్తా," అంది. ఆ మాట ఆ ఇంట్లో పొద్దున లేచింది మొదలు వినబడుతూనే ఉంటుంది. నీళ్ళ బకెట్టయినా, చీపురైనా, చేటైనా, అంజవ్వ చేతిలోకి రావడమే తడవు, కోడలు వచ్చి అందుకునేది. ప్రేమ కొద్దీ చేసే పనే అది. అంజవ్వ ఖాళీ అయిన ఒళ్ళు దులుపుకుంది.

ఆదివారాలు మొదలయ్యాయి. నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఐదుగురు. నిజామాబాదు బస్టాండు దగ్గర టిఫిన్ సెంటరు నడిపే సత్తవ్వ, బోధన్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే కల్యాణి, నర్సు గోదావరి, మన భాగ్యలక్ష్మి, హైమ. హైమది బోధన్ దగ్గర క్యాంపు, అంటే వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం వాళ్ళది. యాభై దాటిన మనిషి, గాలొస్తే ఎగిరిపోయేట్టుంటుంది. మొదటి రోజు ఎందుకొచ్చావని సత్తవ్వ అడిగితే, "మోకాళ్ళ నొప్పులకి వచ్చానమ్మా. డాక్టరు నడవమన్నాడు. నడిస్తే నొప్పి. కూర్చుని నడిచేది ఇదొక్కటే కనిపించింది," అంది. ఆ మాటకు భాగ్యలక్ష్మికి ఆమె తెగ నచ్చేసింది. ఆ పూట నుంచే హైమక్కా అని పిలవడం మొదలుపెట్టింది.

ముందు అందరి ఈత చూశాడు మల్లికార్జున్. వేల్పూర్‌లో పుట్టింటి బావిలో నేర్చిన ఈత భాగ్యలక్ష్మిది, అందరికంటే ముందు ఒడ్డు చేరింది. బలంలో కూడా ఆమెతో సరితూగే వాళ్ళు లేరు. నీళ్ళలో వెనక్కి పోవడం అందరికీ భయమైతే ఆమెకు అదీ లేదు. "నాట్లేసేటప్పుడు గిట్లనే ఎనకకే పోతం గద," అని ధీమాగా చెప్పేది. చిన్న పడవలో చేతులు కుదిరాక పెద్ద పడవ ఎక్కించాడు. అందులో నలుగురు ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు, మనిషికి ఒక్కటే తెడ్డు. ఒకరిది కుడివైపైతే ఆమె వెనక ఉన్నామెది ఎడమవైపు. వీళ్ళంతా వెనక్కి తిరిగి ఉంటారు కాబట్టి, వీళ్ళకు ఎదురుగా ఒకరు ముందుకు చూస్తూ కూర్చుని, చుక్కాని తాడు పట్టుకుని దారి చెబుతారు. ఆ చోట మల్లికార్జునే కూర్చునేవాడు.

ఆ పొద్దుటి పూటలు ఎంత బాగుండేవో చెప్పలేం. మంచు ఇంకా నీళ్ళ మీదే ఉండేది. నాలుగు తెడ్లు ఒక్కసారి నీళ్ళలో పడితే ఒకే చప్పుడు రావాలనేవాడు మల్లికార్జున్. మొదట్లో వడ్లు దంచుతున్నట్టు నాలుగు చప్పుళ్ళు వచ్చేవి. తర్వాత మూడు, రెండు. ఒక్కోసారి, నిజంగా ఒక్కోసారి, ఒకటే వచ్చేది. అది వచ్చిన రోజు భాగ్యలక్ష్మి ఇంటికి పోయి గేదెలకు కూడా చెప్పేది.

ఒక ఆదివారం మల్లికార్జున్ అందరినీ కూర్చోబెట్టి, జనవరి ఆఖర్లో క్లబ్బు ప్రారంభోత్సవం చేద్దామన్నాడు. ఇంటివాళ్ళనూ ఊరివాళ్ళనూ పిలవాలి. అందరూ చూస్తుండగా పెద్ద పడవలో ఈ కట్ట నుంచి అవతలి గట్టుకు పోయి రావాలి. తెడ్లు నాలుగే, మనుషులు ఐదుగురు కాబట్టి నలుగురు తెడ్లు పడతారు, ఐదో మనిషి తాడు పట్టి దారి చెబుతుంది. తాను కట్ట మీదే ఉండి వచ్చినవాళ్ళను చూసుకుంటాడు, మోటారు పడవ ఒకటి వెనకాల వస్తుంది.

తెడ్డు తనదేనని భాగ్యలక్ష్మికి అనుమానమే లేదు. సాయంత్రానికల్లా ఊరంతా చాటేసింది. అలీసాగర్ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తెడ్డేసుకుంటూ పోతానని, అందరూ రావాలని పాలకేంద్రం దగ్గరా రేషన్‌షాపు దగ్గరా చెప్పింది. "నేనొస్త," అంది అంజవ్వ అందరికంటే ముందు. ముత్తన్న ట్రాక్టరు ట్రాలీ కడుగుతానన్నాడు.

చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది.

దూరం పోవడం మొదలుపెట్టగానే పడవ గుండ్రంగా తిరగసాగింది. కాసేపు చక్కగా పోయేది. వెనక్కి తిరిగి కూర్చున్న భాగ్యలక్ష్మికి మల్లికార్జున్ భుజం మీంచి గుట్ట మీది బంగ్లా కనిపిస్తుండేది. ఇంకాసేపటికి ఆ బంగ్లా మెల్లగా పక్కకు జరిగేది. దాని చోట్లోకి తుమ్మచెట్లు వచ్చేవి. తర్వాత కట్ట వచ్చేది. తర్వాత మళ్ళీ బంగ్లా. చుక్కాని తాడు ఎంత గుంజినా లాభం లేకపోయింది. వలలు తీసుకుంటున్న చేపలవాళ్ళు పని ఆపి చూశారు.

"అక్కా, చెరుకు గానుగ ఆడిస్తున్నరా? రసం మాగ్గూడ జరంత పొయ్యుండ్రి," అన్నాడు వాళ్ళలో ఒకడు.

ఒక ఆదివారం తెడ్లు మార్చి చూశాడు మల్లికార్జున్. ఇంకో ఆదివారం పడవను బోర్లించి చుక్కాని విప్పి బిగించాడు. గానుగ గానుగే. చివరికి భాగ్యలక్ష్మిని దింపి ఆమె సీట్లో గోదావరిని ఎక్కించాడు. పడవ సూటిగా, గీత గీసినట్టు పోయి సూటిగా తిరిగొచ్చింది. కట్ట మీద నిలబడి చూసిన భాగ్యలక్ష్మికి తల కొట్టేసినట్టయింది.

పడవను ఒడ్డుకు చేర్చాక మల్లికార్జున్ ఆమె దగ్గరికి వచ్చాడు.

"పడవను తిప్పుతున్నది నువ్వేనక్కా. నీ దిక్కు బలం ఎక్కువైతున్నది."

"బలం తక్కువైతే తిట్టేటోళ్ళను సూసిన. ఎక్కువైతే గూడ తిడ్తరా అన్నా?"

"తిడ్తలేను. నీ ముందల హైమక్క కూసుంటది. ఆమె అలిసినప్పుడల్లా నువ్వు జోరుగ గుంజుతున్నవ్. ఎందుకు?"

"ఆమె మునుం ఆగిపోతున్నది గద," అంది భాగ్యలక్ష్మి. ఇంత చిన్న సంగతి అడుగుతాడేమిటన్నట్టు చూసింది.

మునుం అంటే నాటులో ఒక్కొక్కరి వంతుకు వచ్చే పట్టీ. ఆడవాళ్ళంతా వరసగా వంగి, ఎవరి మునుం వాళ్ళు నాటుకుంటూ వెనక్కి నడుస్తారు. అందులో ఒకామె చెయ్యి నెమ్మదించిందంటే పక్కామె చూస్తూ ఊరుకోదు. అడగకుండానే, అలిసినామె మునుంలోంచి రెండు సాళ్ళు తన వైపు కలుపుకుని నాటేస్తుంది. వరసంతా కలిసే గెట్టు చేరాలి. ఒక్కదాన్ని మడి మధ్యలో విడిచిపెట్టి మిగతావాళ్ళు గెట్టెక్కితే ఆ సిగ్గు మిగతావాళ్ళదే. ఓణీ వేయకముందు నుంచి నాట్లు వేస్తున్న భాగ్యలక్ష్మికి ఇది ఒకరు నేర్పిన నీతి కాదు, చేతుల్లో ఉన్న అలవాటు. హైమ వీపు వంగిపోతుంటే ఆమె చేతులు వాటంతటవే ఆమె పని అందుకునేవి.

బాల్కొండ మనిషికి మునుం అంటే చెప్పే పని లేదు. మల్లికార్జున్ పడీపడీ నవ్వాడు.

"మడిల అది సక్కనే. ఈడ నువ్వు ఆమెకు అవతలి దిక్కున్నవ్. నువ్వెంత గుంజితే పడవ ఆమె దిక్కు అంత తిరుగుతది. సాయం కాదది."

"మరి ఆమె అలిస్తే?"

"అందరు ఆమెంతనే గుంజాలె."

"ఆమె ఆగితే?"

"అందరు ఆగాలె."

ఇదేం ఆట అనుకుంది భాగ్యలక్ష్మి. ఒకామె రొప్పుతుంటే వెనక చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా ఒక విద్యేనా. కానీ తెడ్డు మీద ఆశ పోలేదు.

ఆ వారం యాసంగి, అంటే రెండో పంట నాట్లు. చేతులను అదుపులో పెట్టడం మడిలోనే నేర్చుకుంటే సరిపోతుందని ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. పక్క మునుం భూమవ్వది. పెద్దామె, నడుము నొప్పి మనిషి. భూమవ్వ చెయ్యి నెమ్మదించింది. భాగ్యలక్ష్మి పళ్ళు బిగబట్టి తన మునుం తను నాటుకుంటూ పోయింది. కాసేపటికి తలెత్తి చూస్తే వరసంతా గెట్టు దగ్గరుంది, భూమవ్వ ఒక్కతే మడి నడుమ నారుకట్ట పట్టుకుని నిలబడి ఉంది.

"ఏందే, నన్ను ఈడ దిష్టిబొమ్మను జేసి పోతున్నవ్? నీకు నేనేం పాపం జేసిన?" అంది భూమవ్వ.

అందరూ భాగ్యలక్ష్మి వైపు వింతగా చూశారు. పడవ కోసమని చెబితే నమ్మేవాళ్ళెవరు. ఆమె మళ్ళీ మడిలోకి దిగి భూమవ్వ మునుం సగం నాటింది. మడిలో తప్పయింది నీళ్ళలో ఒప్పెట్లా అవుతుందో ఆ రాత్రి అన్నం తింటూ కూడా ఆమెకు తెగలేదు.

ప్రారంభానికి ముందటి ఆదివారం మల్లికార్జున్ సీట్లన్నీ మార్చేశాడు. తాడు పట్టే మనిషికి ఎదురుగా ఉండే మొదటి సీటు హైమకిచ్చాడు. ఆ సీట్లో ఉన్నామె ఎంత వేగంతో తెడ్డేస్తే మిగతా ముగ్గురూ ఆమె వీపు చూస్తూ అంతే వేగంతో వేయాలి. అందరికంటే బలం తక్కువ మనిషికి ఆ సీటిచ్చాడని సత్తవ్వ గొణిగింది. హైమ వెనకే భాగ్యలక్ష్మి. సగం దూరం సూటిగా పోయారు. హైమ దగ్గింది. అంతే, బంగ్లా పక్కకు జరగడం మొదలుపెట్టింది.

"నీకు తెల్వకుంటనే నీ చేతులు పోతున్నయక్కా," అన్నాడు మల్లికార్జున్ ఒడ్డుకొచ్చాక. కాసేపు ఆలోచించి ఒక తీర్పు చెప్పాడు. ప్రారంభం రోజు అవతలి గట్టుకు పోయేటప్పుడు తెడ్డు భాగ్యలక్ష్మిది, తాడు గోదావరిది. పడవ సూటిగా పోతే వచ్చేటప్పుడూ అంతే. గానుగాడితే మాత్రం అవతలి గట్టు మీద ఇద్దరూ సీట్లు మార్చుకోవాలి, భాగ్యలక్ష్మి తాడు పట్టుకుని కూర్చుని రావాలి. అంటే ఊరు ఊరంతా చూస్తుండగా తెడ్డుతో పోయి, తెడ్డు లేకుండా తిరిగి రావాలి. ఆమె సరేనంది. సరేనన్నాక బస్సులో ఇంటికి పోతూ దారి పొడవునా చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. రెండు ట్రాక్టర్ల నిండా వాళ్ళ ఊరివాళ్ళు దిగారు. ముత్తన్న ట్రాలీని నిజంగానే కడిగాడు. అంజవ్వ ఎర్ర చీర కట్టుకుని కట్ట మీద అందరికంటే ముందు నిలబడింది. భూమవ్వ కూడా వచ్చింది, నడుముకు గుడ్డ బిగించుకుని. క్యాంపు నుంచి హైమ ఇంటివాళ్ళు జీపులో వచ్చి అందరికీ బూందీ పంచారు. భాగ్యలక్ష్మి జాకెట్ పట్టీలు రెండుసార్లు విప్పి మళ్ళీ బిగించుకుంది. అది భయమంటే భయం కాదు, పెళ్ళిచూపుల నాడు కూడా ఆమెకు ఇంత సంబరం కలగలేదు.

గోదావరి తాడు పట్టుకుని, "తయారా," అంది. నాలుగు తెడ్లు నీళ్ళలో మునిగాయి. ఒకటే చప్పుడొచ్చింది.

కట్ట దూరమవుతోంది. వెనక్కి తిరిగి కూర్చోవడంలో సుఖం అదే. విడిచి వచ్చిన వాళ్ళంతా కళ్ళెదుటే ఉంటారు. గోదావరి భుజం మీద సరిగ్గా అంజవ్వ ఎర్ర చీర కనిపిస్తోంది భాగ్యలక్ష్మికి. ఆ ఎరుపు అక్కణ్ణించి కదలకపోతే పడవ సూటిగా పోతున్నట్టు. ఆమె ఒక కన్ను హైమ వీపు మీద, ఒక కన్ను ఆ ఎరుపు మీద పెట్టింది. హైమ వంగితే తను వంగింది. హైమ తన్నితే తను తన్నింది. పడవ కింద నీళ్ళు ఆ మొదటి రోజులాగే గలగలమన్నాయి. వెనక సత్తవ్వ నవ్వుతోంది, కల్యాణి ఊపిరి గట్టిగా వినిపిస్తోంది.

నడి చెరువులోకి వచ్చాక గాలి లేచింది. చిన్న చిన్న అలలు పడవ పక్కను తట్టడం మొదలుపెట్టాయి. హైమ వేగం తగ్గింది. ఆమె జాకెట్ వెనక, చెమటకు తడిసిన జడ ముడి ఒక పక్కకు ఒరిగింది. భాగ్యలక్ష్మి చేతులు గుంజాయి. ఒక్క గుంజుడే అది. ఎర్ర చీర గోదావరి భుజం విడిచి చెవి దగ్గరికి జరిగింది.

"కొంచెం తిరుగుతున్నదక్కా," అంది గోదావరి మెల్లగా.

భాగ్యలక్ష్మి పళ్ళు బిగించి చేతులను హైమ వేగానికి దించింది. గోదావరి తాడు సర్ది పడవను దారిలో పెట్టింది. ఇంకో పది తెడ్లు పడ్డాయో లేదో, హైమ ఆగిపోయింది. తెడ్డు నీళ్ళ మీద వాల్చి ముందుకు వంగింది.

"ఒక్క నిమిషం," అంది, రొప్పుతూ.

సత్తవ్వ, కల్యాణి తెడ్లు ఆపారు. భాగ్యలక్ష్మి చేతులు మాత్రం తెడ్డు మీద బిగుసుకుపోయి ఉన్నాయి. తాను ఒక్కతే అయినా ఈ పడవను అవతలి గట్టుకు లాక్కుపోగలదు. ఆ బలం ఆమెకుంది, ఆ సంగతి ఆమె ఒంటికి తెలుసు. కట్ట మీద అందరూ చూస్తున్నారు. ఏమైంది, ఆగిపోయిందేమని అక్కడెవరో అరుస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఒకామె అలిసి వంగిపోతే ఆమె పక్కన చెయ్యాడించకుండా ఎన్నడూ లేదు భాగ్యలక్ష్మి. ఇప్పుడుంది. తెడ్డు వాల్చి, మునుం మధ్యలో భూమవ్వ నిలబడ్డట్టు కూర్చుంది. ఆ నిమిషం ఆమెకు ఒక పంట కాలమంత పొడుగనిపించింది. ఏడుపు కూడా వచ్చింది.

హైమ వీపు నిటారయింది. తెడ్డు ఎత్తింది. "పదండమ్మా," అంది.

నాలుగు తెడ్లూ పడ్డాయి, ఒకే చప్పుడు. ఎర్ర చీర గోదావరి భుజం మీదికి వచ్చి అక్కడే కూర్చుంది. ఆ తర్వాత అది కదల్లేదు. చిన్నదవుతూ చిన్నదవుతూ చుక్కంతయింది కానీ పక్కకు జరగలేదు. పడవ వెనక నీళ్ళ మీద గీత, తాడు పట్టి గీసినట్టు కట్టదాకా సూటిగా ఉంది. అవతలి గట్టు బురద పడవ ముక్కుకు తగిలినప్పుడు భాగ్యలక్ష్మికి కేకేయాలనిపించింది. నోరు తెరిస్తే నవ్వే వచ్చింది.

"సీట్లు మారే పని లేదు," అంది గోదావరి. ఆ మాటలో ఆమెకు ఒక పిసరు నిరాశ ఉందేమో గానీ నవ్వుతూనే అంది.

నీళ్ళు తాగుతున్నప్పుడు హైమ వెనక్కి తిరిగి భాగ్యలక్ష్మి మోకాలి మీద చెయ్యేసింది. ఆమె మొహం ఎర్రగా కందిపోయి, పదేళ్ళు తగ్గినట్టుంది.

"భాగ్యం, ఇవాళే నేను పడవ నడిపాను," అంది.

"ఇన్ని దినాలు నడపలేదా అక్కా?"

"ఎక్కడ. నేను నెమ్మదించగానే వెనకనుంచి నువ్వు లాగేదానివి. పడవ ఉరికేది. నా తెడ్డు ముంచేలోపు నీళ్ళు జారిపోయేవి, చేతికి బరువే తగిలేది కాదు. ఉత్తినే ఊపుతున్నట్టుండేది. నాలో సత్తువ లేదు, మానేద్దామనుకున్నాను. నువ్వు ప్రేమతో చేస్తున్నావు కదా, ఎట్లా చెప్పను? ఇవాళ నా వాటా నీళ్ళు నాకు దొరికాయి."

హైమ మునుం తను ఎత్తుకుంటున్నాననే అనుకుంది భాగ్యలక్ష్మి ఇన్నాళ్ళూ. ఆమె చేతికిందినుంచి నీళ్ళు లాగేసుకుంటున్నానని అనుకోలేదు. హైమ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

వచ్చేటప్పుడు గాలి వాళ్ళ వైపుంది. పడవ అసలు సిసలు సంబరంగా వచ్చింది. కట్ట మీద చప్పట్లు, ఈలలు. చేపలవాడు కూడా వల విడిచి చప్పట్లు కొట్టాడు. ముత్తన్న నీళ్ళలోకి మోకాళ్ళదాకా దిగి పడవ ముక్కు పట్టుకున్నాడు. "గానుగ రసం ఏదే?" అన్నాడు. భాగ్యలక్ష్మి అతని మొహాన నీళ్ళు చిమ్మింది.

జనమంతా బూందీ దగ్గర గుమిగూడినప్పుడు అంజవ్వ మాత్రం నీళ్ళ దగ్గరే నిలబడి ఉంది. చిన్న పడవ తెడ్డును వేళ్ళతో తడిమి చూస్తోంది.

"నేను కూసుంటనే భాగ్యా," అంది. ఎవరూ వినకూడదన్నట్టు చిన్నగా అంది.

మల్లికార్జున్ ఆమెకు జాకెట్ తొడిగి, చిన్న పడవకు పొడుగు తాడు కట్టి, తాడు కొస తన చేతిలో పట్టుకున్నాడు. అత్త ముందు, కోడలు వెనక. అంజవ్వ కాళ్ళు ముడిచి తెడ్డు ఎత్తింది. మొదటిసారి అది గాలిలోనే ఊగింది. భాగ్యలక్ష్మి చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు సాగింది. నువ్వు కూసో అత్తా అనే మాట పెదాల దాకా వచ్చింది. చిక్కుడుకాయల గంప, ఖాళీ ఒళ్ళు దులుపుకున్న అంజవ్వ గుర్తొచ్చాయి. ఎన్నేళ్ళుగా ఆ చేతులకు బరువు తగలనివ్వలేదో అప్పుడు తెలిసొచ్చింది ఆమెకు.

రెండోసారి నీళ్ళు అంజవ్వ మొహాన కొట్టాయి. ఎర్ర చీర తడిసింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకోలేదు, మళ్ళీ తెడ్డు ఎత్తింది. భాగ్యలక్ష్మి తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద గట్టిగా కూర్చుంది.

మూడోసారి తెడ్డుకు నీళ్ళు దొరికాయి. పడవ మూరెడు ముందుకు జారింది.

"జరుగుతున్నదే," అంది అంజవ్వ, వెనక్కి తిరగకుండానే. "నేనే జరుపుతున్న."